గట్టు మీద పువ్వు: బహుమతులకెక్కిన కొన్ని బొమ్మల సినిమాలు

బొమ్మల సినిమా అనగానే అది చిన్నపిల్లల వ్యవహారమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. రెండేళ్ల కింద ఈ కాలేజీలో చేరేదాకా నాదీ అదే అభిప్రాయం. ఇంట్లో మా చెల్లెలు 'ఛోటా భీమ్' పెట్టుకుంటే ఛానల్ మార్చమని కొట్లాడేవాణ్ని. ఆ బొమ్మలు మన హైదరాబాదులోనే తయారవుతాయని కూడా అప్పట్లో నాకు తెలియదు.

నిరుడు పరీక్షలయిపోయిన రాత్రి హాస్టల్లో ఒక మిత్రుడు తన లాప్‌టాప్‌లో ఎనిమిది నిమిషాల సినిమా ఒకటి చూపించాడు. అందులో మాటలు లేవు. చూసి పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో తర్వాత చెబుతాను. అది మొదలు ఆస్కార్ బహుమతికి నామినేట్ అయినవి, బహుమతి పొందినవి ముప్ఫై దాకా పొట్టి బొమ్మల సినిమాలు వెతుక్కుని చూశాను. వాటిలో ఆరింటిని గురించి నాకు తోచింది సోదర విద్యార్థుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను సినిమా శాస్త్రం చదువుకున్నవాణ్ని కాను. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థిని. పుట్టింది వ్యవసాయం ఇంట్లో. ఊరు తిరుమలగిరి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో తిరుమలగిరులు రెండున్నాయి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఒకటి సూర్యాపేట జిల్లాకు పోయింది. మాది నాగార్జునసాగర్ పక్కనున్నది. డ్యాం దగ్గరే గాని మా చేలు కాలువ మట్టానికి ఎగువన ఉన్నాయి. కృష్ణమ్మ మా కళ్లముందే కిందికి పోతుంది, మా చేలోకి రాదు. పత్తి, కంది, బోరు పోసినన్ని రోజులు బత్తాయి, ఇదీ మా సేద్యం. ఈ సినిమాలను నేను ఆ చేలో నిలబడే చూశాను. కాబట్టి నా అభిప్రాయాలకు మట్టి అంటి ఉంటే పెద్దలు మన్నించాలి.

బొమ్మ ఎందుకు కదులుతుంది?

ముందుగా కొంచెం సైన్సు. సినిమాలో కదలిక అనేది నిజంగా లేదు. ఉన్నవన్నీ కదలని బొమ్మలే. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి కంటిముందుకు వస్తాయి. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి దృష్టి స్థిరత్వం కారణమని రాసి ఉంటుంది. ఒక దృశ్యపు ముద్ర రెటీనా మీద సెకనులో పదహారో వంతు కాలం నిలుస్తుంది గనుక ముందటి బొమ్మ చెరగకముందే తర్వాతి బొమ్మ వచ్చి కలుస్తుందని. ఇది సగం సమాధానమే. ముద్రలు ఒకదాని మీద ఒకటి పడితే మసక రావాలి గాని నడక ఎట్లా వస్తుంది? మాక్స్ వెర్ట్‌హైమర్ జర్మనీలో చేసి 1912లో ప్రచురించిన ప్రయోగాలు ఈ ప్రశ్నను ముందుకు తెచ్చాయి. రెండు చోట్ల వెంటవెంటనే వెలిగి ఆరే రెండు గీతలను చూపిస్తే, మనిషికి ఒకే గీత ఇటునుంచి అటు పోయినట్లు కనబడుతుంది. అంటే మధ్యనున్న ఖాళీని పూరించేది మన మెదడే.

మామూలు సినిమాలో ఈ ఇరవై నాలుగు బొమ్మలను కెమెరా తీస్తుంది. యానిమేషన్‌లో మనిషి ఒక్కొక్కటిగా తయారు చేయాలి. పది నిమిషాల సినిమాకు 14,400 ఫ్రేములు. ఒక బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా 7,200 బొమ్మలు. ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. మా మెట్టలో వరి లేదు గనుక అమ్మ కాలువ కింది ఊళ్లకు నాట్లకు పోయేది. చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉండాలని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు. ఆ లెక్కన ఎకరానికి లక్షా ముప్ఫై వేల పైచిలుకు. నడుం వంచి ఒక్కొక్క కుదురూ చేత్తోనే పెట్టాలి. గట్టున పోయేవాడికి పచ్చటి మడి కనబడుతుంది గాని కుదుళ్లు కనబడవు. బొమ్మల సినిమా కూడా అంతే.

బహుమతి సంగతి

అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ పొట్టి కార్టూన్ చిత్రాలకు వేరుగా బహుమతి ఇవ్వడం 1932లో మొదలుపెట్టింది. మొదటి బహుమతి వాల్ట్ డిస్నీ 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్'కు వచ్చింది. పేర్లతో కలిపి నలభై నిమిషాలు దాటనిదే పొట్టి చిత్రం కింద లెక్క. ఇప్పుడు ఏటా ఐదింటిని నామినేట్ చేసి ఒకదానికి బహుమతి ఇస్తున్నారు. ఒకటి గెలిచినంత మాత్రాన తక్కిన నాలుగూ తక్కువవని కాదు. ఈ సంగతి కింద రెండు సినిమాల పోలికలో తేలుతుంది.

1. నైబర్స్ (1952)

ఆ రాత్రి మిత్రుడు చూపించింది ఇదే. కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం నార్మన్ మెక్‌లారెన్ తీశాడు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు కుర్చీలు వేసుకుని పత్రికలు చదువుకుంటూ ఉంటారు. సరిగ్గా ఇద్దరి స్థలాల మధ్య ఒక పువ్వు పూస్తుంది. ఇద్దరూ వాసన చూసి మురిసిపోతారు. తర్వాత అది నాదంటే నాదని వాదం, కంచె, తోపులాట, ఆపైన చావుదెబ్బలు. ఒకడు మరొకడి పెళ్లాంబిడ్డలను కూడా వదలడు. ఈ కొట్లాటలో పువ్వు కాళ్లకింద నలిగిపోతుంది. చివరికి రెండు సమాధులు, ఒక్కో సమాధి మీద ఒక్కో పువ్వు. పొరుగువాణ్ని ప్రేమించమనే మాట అనేక భాషల్లో తెరమీదికి వస్తుంది.

ఇందులో గీసిన బొమ్మలు లేవు. నిజం మనుషులనే బొమ్మల్లాగా నిలబెట్టి, ఒక్కొక్క ఫ్రేము తీసి, కొంచెం జరిపి మళ్లీ తీశారు. అందుకే మనుషులు నేలమీద జారుకుంటూ పోతారు, గాలిలో తేలుతారు. సంగీతం కూడా వాయిద్యాలతో చేసింది కాదు. ఫిలిం అంచునుండే శబ్దపు పట్టీ మీద గీతల రూపంలో పుట్టించిన ధ్వని అది. విచిత్రమేమిటంటే 1953లో దీనికి ఆస్కార్ వచ్చింది పొట్టి డాక్యుమెంటరీ విభాగంలో. అప్పటి పెద్దలకు ఇది ఏ గాటికి కట్టాల్సిన గొడ్డో తెలిసినట్టు లేదు! అయితే నాకు మాత్రం ఆ పొరపాటులో ఒక న్యాయం కనిపించింది. మా ఊరివాడెవడు చూసినా దీన్ని జరిగిన కథే అంటాడు.

నాకు నిద్రపట్టకపోవడానికి కారణం ఇది. మా నాయిన, మా చిన్నాయిన ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు. 2019 నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రెండు చేల మధ్య గట్టుంది. ఆ గట్టుకు పది గజాల దూరంలో నాయిన బోరు వేయించాడు. రెండిన్నూట ఇరవై అడుగుల్లో నీళ్లు పడ్డాయి. మరుసటేడు గట్టుకు అవతల చిన్నాయిన మూడు వందల ఎనభై అడుగులు వేయించాడు. మా బోరు ఆగిపోయింది. నాయిన అప్పు తెచ్చి మళ్లీ ఐదు వందలకు దించాడు. అటుపైన ఏమయిందో 'నైబర్స్' చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. చావులు జరగలేదు, అంతవరకే తేడా. మా నాయినమ్మ పండుగపూట ఒక కొడుకు ఇంట్లో ఒక పూట, రెండో కొడుకు ఇంట్లో ఇంకో పూట తింటుంది.

దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ సినిమాను ఫోన్లో నాయినకు చూపించాను. ఎనిమిది నిమిషాలూ కదలకుండా చూశాడు. అయిపోయినాక, "పువ్వు కోసం గింత కొట్లాటనారా? మాది నీళ్ల కోసం గద" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆలోచిస్తే నాయిన అన్నది మంచి విమర్శే. మెక్‌లారెన్ సినిమాలో ఇద్దరిదీ సమానమైన తప్పు, సమానమైన బలం. వాళ్ల తగాదా లేకపోయినా పూట గడిచే తగాదా. మా దగ్గర నీళ్లు లేకుంటే చేను లేదు, చేను లేకుంటే నా ఫీజు లేదు. ప్రేమించమని చెబితే తీరే కొట్లాట కాదది. ఈ సినిమాలో నాకు కనిపించిన లోటు ఇదొక్కటే.

2. బాలెన్స్ (1989)

నాయిన ప్రశ్నకు జవాబు దగ్గర దగ్గరగా నాకు ఈ జర్మన్ సినిమాలో దొరికింది. వోల్ఫ్‌గాంగ్, క్రిస్టోఫ్ లౌయెన్‌స్టైన్ అనే కవల సోదరులు తీశారు. ఆకాశంలో ఒక పలక. కింద ఏ ఆధారమూ కనబడదు. పలక మీద ఒకేలాంటి ఐదుగురు, వీపుల మీద నంబర్లు. ఒకడు అడుగు కదిపితే పలక ఒరుగుతుంది. కాబట్టి అందరూ ఒకరినొకరు చూసుకుంటూ అడుగులేస్తారు. గాలాలు వేస్తే ఒకడికి ఒక పెట్టె తగులుతుంది. దానిలోంచి పాట వినిపిస్తుంది. ఇంక అందరికీ పెట్టె కావాలి. ఒక్కొక్కరినే కిందికి తోసేస్తారు. ఆఖరికి ఒక్కడు మిగులుతాడు. పలకకు ఈ చివర వాడు, ఆ చివర పెట్టె.

మనం ఇంటర్‌లో చదువుకున్న భ్రామకాల సూత్రం ఇక్కడ ఉన్నదున్నట్టు పనిచేస్తుంది. బరువును ఆధారం నుంచి ఉన్న దూరంతో గుణిస్తే భ్రామకం. రెండు వైపులా భ్రామకాలు సమానమైతేనే పలక నిలుస్తుంది. మిగిలినవాడు పెట్టెవైపు ఒక్క అడుగు వేస్తే తనవైపు దూరం తగ్గి పలక పెట్టెవైపు ఒరుగుతుంది, పెట్టె జారిపోతుంది. అంటే పెట్టె వాడిదే, కాని వాడు ముట్టుకోలేడు. ఐదుగురు ఉన్నప్పుడు వంతులవారీగా వినగలిగిన పాట ఒక్కడైనాక ఎవడికీ లేదు.

మా నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అందులో నీళ్లు చెరువులాగా నిలవవు. పైన చివికిన పొరలోను, కింద పగుళ్లలోను మాత్రమే ఉంటాయి. గట్టుకు ఇవతలి పగులూ అవతలి పగులూ ఒకటే కావచ్చు. ఒకడు లోతుకు పోతే రెండోవాడి నీళ్లు కదులుతాయి, వాడు ఇంకా లోతుకు పోతాడు. లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ భయం వేరే. నల్లగొండ పేరు దేశమంతటికీ తెలిసింది ఆ ఫ్లోరైడ్ వల్లనే. మా రెండు చేలూ ఒకే పలక మీద ఉన్నాయి. గట్టు పలక మీద గీసిన గీత మాత్రమే. 'నైబర్స్' నీతి చెబుతుంది. 'బాలెన్స్' లెక్క చెబుతుంది. నీతి విననివాడు కూడా లెక్క వింటాడని నా ఆశ. 1990లో ఆస్కార్ దీనికే ఇచ్చారు.

3. ది కౌ (1989)

అదే ఏడాది 'బాలెన్స్' చేతిలో ఓడిపోయిన రష్యన్ చిత్రం ఇది. రష్యా రచయిత ఆంద్రేయ్ ప్లతోనవ్ కథ ఆధారంగా అలెక్సాందర్ పెత్రోవ్ తీశాడు. అతడు గాజు పలక మీద నూనె రంగులు పూసి, ఎక్కువగా వేళ్లతోనే చెరిపి దిద్దుతూ, ప్రతి మార్పునూ కెమెరాతో తీస్తాడు. తడిరంగు కాబట్టి ముందటి బొమ్మ తర్వాతి బొమ్మ కోసం చెరిగిపోవలసిందే. సినిమా పూర్తయ్యేసరికి ఆఖరి బొమ్మ తప్ప చేతిలో ఏమీ మిగలదు. ఇదే పద్ధతిలో తీసిన 'ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ'కి 2000లో పెత్రోవ్‌కు ఆస్కార్ వచ్చింది.

కథ చిన్నది. రైలుకట్ట కాపలాదారు ఇంట్లో ఒక ఆవు, ఒక దూడ. దూడ ఇల్లు దాటి పోతుంది, తిరిగిరాదు. ఆవుకు తిండి పోదు, కాలు నిలవదు. ఒకరోజు రైలు కిందపడి చనిపోతుంది. ఆ ఇంటి పిల్లవాడు ఇదంతా చూస్తాడు.

దూడ లేని ఆవు పాలు చేపదని పల్లెటూరివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. దూడ మూతి తగిలితేనే మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి పొదుగులో పాలను దించుతుంది. నాటు ఆవుల్లో ఇది మరీ గట్టిగా ఉంటుంది. సైన్సులో ఇది ఒక రసాయన చర్య. పెత్రోవ్ రంగుల్లో అది దుఃఖం. రెండూ నిజమేనని నాకు ఈ సినిమా చూశాకే అర్థమయింది.

2016 ఎండాకాలం నేను ఐదో తరగతి. అంతకుముందు ఏడు వానల్లేక మేత దొరకలేదు. నాయిన ఎద్దుల జతను అంగడికి తోలుకుపోయాడు. పొద్దుగూకినాక ఒక్కడే వచ్చాడు, చేతిలో పలుపులు మాత్రం ఉన్నాయి. అవి ఇప్పటికీ కొట్టంలో గుంజకు వేలాడుతున్నాయి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. నేను పరీక్షకుణ్ని అయితే ఆ ఏటి బహుమతి ఎవరికి ఇచ్చేవాణ్ని? 'బాలెన్స్' నా బుద్ధికి నచ్చింది. 'ది కౌ' ముందు బుద్ధి పనిచేయలేదు. నేనైతే దీనికే ఇచ్చేవాణ్ని.

4. ది మాన్ హూ ప్లాంటెడ్ ట్రీస్ (1987)

ఫ్రెంచి రచయిత జాఁ జియోనో కథను కెనడాలోని రేడియో సంస్థ కోసం ఫ్రెదెరిక్ బాక్ తీశాడు. నిడివి అరగంట. బహుమతి 1988లో వచ్చింది. రంగు పెన్సిళ్లతో వేలకొద్దీ బొమ్మలు గీశాడు. అంతకుముందే ఇంకో సినిమా పనిలో రసాయనం పడి ఆయన ఒక కంటిచూపు పోయింది. మిగిలిన కంటితో గీసిన సినిమా ఇది.

ఎండిపోయిన కొండప్రాంతంలో ఒక ముసలి గొర్రెలకాపరి రోజూ రాత్రి ఓక్ గింజలు ఏరి, పుచ్చులు తీసేసి, మంచివి వంద లెక్కపెట్టి, తెల్లవారి నాటుతాడు. లక్ష నాటితే ఇరవైవేలు మొలిచాయి, అందులో సగం పోతాయి, పదివేలు మిగులుతాయని నెమ్మదిగా చెబుతాడు. ఈ లెక్క నాకు చాలా నచ్చింది. మా నాయిన కూడా కంది విత్తనం చేటలో పోసుకుని రాత్రిళ్లు ఇట్లాగే ఏరుతాడు. పోయేదాన్ని ముందే లెక్కలో వేసుకోవడం రైతు లక్షణం. ఏళ్లు గడిచాక ఆ కొండల మీద అడవి లేస్తుంది, ఎండిన వాగుల్లో నీళ్లు పారుతాయి, ఖాళీ అయిన ఊళ్లకు మనుషులు తిరిగి వస్తారు.

కాని ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. చెట్టు వాననీటిని ఆపి భూమిలోకి ఇంకించేమాట నిజం. అదే చెట్టు ఆకుల గుండా నీటిని ఆవిరిగా పంపేమాట కూడా నిజం. మాలాంటి రాతినేలలో చెట్లు నాటగానే ఊటలు పుడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. మాకు రెండెకరాల బత్తాయి తోట ఉండేది, నూట నలభై చెట్లు. పై చెప్పిన 2016లోనే బోరు ఎండి తోట ఎండింది. పదేళ్లు పెంచిన చేతులతోనే నాయిన గొడ్డలి పట్టుకున్నాడు. చెట్టు నాటినవాడి కథ ప్రపంచానికి తెలిసింది. నరికినవాడు కూడా ఒకప్పుడు నాటినవాడేనని ఏ సినిమా చెబుతుంది?

అయినా ఈ సినిమాను పక్కకు పెట్టలేకపోయాను. జియోనో కథలోని కాపరి కల్పిత పాత్ర. మన ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో అటువంటి మనిషి నిజంగా ఉండేవాడు. వనజీవి రామయ్యగారు సైకిలు మీద విత్తనాలు, మొక్కలు పెట్టుకుని ఊరూరా నాటుతూ జీవితం గడిపారు. ప్రభుత్వం 2017లో పద్మశ్రీ ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. అరగంట సినిమాకు సరిపడే మనిషి మన మధ్యనే తిరిగాడు.

5. లా మేజోఁ ఆఁ పెతీ క్యూబ్ (2008)

పేరు ఫ్రెంచి, తీసింది జపాన్‌కు చెందిన కునియో కాటో. చిన్న చిన్న ఘనాల ఇల్లు అని భావం. 2009లో ఆస్కార్ వచ్చింది. నీళ్లు పెరుగుతూ ఊరు మునిగిపోతుంటే ఒక ముసలాయన ఇల్లు వదలడు. నీళ్లు గదిలోకి రాగానే ఇటుకలు పేర్చి పైన ఇంకో గది కట్టుకుంటాడు. ఒకరోజు ఆయన పొగపైపు నీళ్లలో పడిపోతుంది. దానికోసం ఈతదుస్తులు వేసుకుని కిందికి దిగుతాడు. ఒక్కొక్క అంతస్తు దిగేకొద్దీ ఒక్కొక్క జ్ఞాపకం. భార్య మంచంపట్టిన గది, బిడ్డ పెళ్లయిన గది, అట్టడుగున తామిద్దరూ మొదట కట్టుకున్న ఇల్లు. పన్నెండు నిమిషాల్లో ఒక్క మాట వినబడదు.

దీన్ని మా నాయినమ్మకు చూపించాను. ఆమె పుట్టిన ఊరు సాగర్ నీళ్లకింద ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్య కాలంలో పురావస్తు శాఖవాళ్లు నాగార్జునకొండ లోయ తవ్వి బౌద్ధ శిల్పాలను, కట్టడాలను కొండమీదికి చేర్చారు. అది గొప్పపని, సందేహం లేదు. మా నాయినమ్మ పుట్టింటి గడపను మాత్రం ఎవరూ పైకి తేలేదు. సినిమా చూస్తూ ఆమె, "గా ముసలోడు అదృష్టవంతుడురా, దిగి చూసొచ్చిండు" అన్నది. తర్వాత తమ ఇంటి వాకిలి ఏ దిక్కుకు ఉండేదో, బాయి ఎక్కడుండేదో, చింతచెట్టు కింద ఎవరు కూచునేవారో గంటసేపు చెప్పింది. ఇరవై ఏళ్లలో నేను ఏనాడూ అడగలేదు, ఆమె ఏనాడూ చెప్పలేదు. ఈ సినిమా గురించి ఇంతకన్నా పెద్ద అభిప్రాయం నేను రాయలేను.

6. బీడ్ గేమ్ (1977)

చివరగా మనదేశంవాడి సినిమా. ఈషూ పటేల్ గుజరాతీ. అహమ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ నుంచి కెనడా ఫిల్మ్ బోర్డుకు వెళ్లాడు. ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ స్త్రీల పూసలపని చూసి ఈ ఆలోచన వచ్చిందట. వేలకొద్దీ పూసలను నల్లటి తలం మీద పేర్చి, జరిపి, ఫ్రేము ఫ్రేముగా తీశాడు. పూసలు ప్రాణులవుతాయి. ఒక ప్రాణి ఇంకోదాన్ని మింగి మూడోది అవుతుంది. చూస్తూ ఉండగానే ఆట కాస్తా వేటగా మారుతుంది. అయిదున్నర నిమిషాల్లో జీవపరిణామం పాఠం, యుద్ధం పాఠం రెండూ అయిపోతాయి. 1978లో నామినేట్ అయింది గాని బహుమతి అదే సంస్థ తీసిన 'ది సాండ్ కాజిల్'కు పోయింది. 1984 నాటి 'పారడైజ్'తో పటేల్ మళ్లీ నామినేట్ అయ్యాడు. నా మట్టుకు 'బీడ్ గేమ్' అద్భుతమైన పని. గుండెను మాత్రం 'ది కౌ'లాగా తాకలేదు. పూస ఎంత అందంగా ఉన్నా దానికి పేరుండదు గదా.

మన చేతులు, మన కథలు

ఇవి చూశాక నాకు కలిగిన ప్రశ్న ఒకటే. మన తెలుగు నేల నుంచి ఇటువంటివి ఎందుకు విరివిగా రావు? చేతులు లేకనా? 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలోని పులికి 2013లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. బహుమతి వచ్చిన నెలలోనే ఆ కంపెనీ దివాలా తీసింది. అంటే పనితనం మన దగ్గర ఉంది, చేను మాత్రం మనది కాదు. మా అమ్మ కాలువ కింద నాటుకు పోయినట్టే ఇది కూడా. మడి పచ్చగా ఉంటుంది, కుదురు పెట్టినవాళ్లకు కూలి ముడుతుంది, పంట గట్టు అవతలివాడిది. కూలిపని చిన్నదని నేననను, దాని మీదే నేను చదువుకున్నాను. కాని సొంత మడి కూడా ఒకటి ఉండాలి గదా.

కథలు లేకనా? చేర్యాల నకాషీ పటాన్ని చూడండి. పొడుగాటి గుడ్డమీద వరుసగా గడులు, గడికొక బొమ్మ. కథ చెప్పేవాడు పటం విప్పుతూ పోతుంటే కులపురాణం నడుస్తుంది. ఫిలిం పుట్టకముందే మనవాళ్లు ఫిలిం చుట్ట లాంటిది చేశారు. తోలుబొమ్మలాటలో దీపం వెనక, తెర ముందు, బొమ్మ మధ్యన, ఇంకేం కావాలి? ప్రయత్నాలు జరగలేదనీ కాదు. 2006 నాటి తెలుగు బొమ్మల చిత్రం 'కిట్టు'కు జాతీయ బహుమతి వచ్చింది. అయితే నేను కోరేది ఇంకా చిన్నది. పది నిమిషాలు, ఒక పలుపు, ఒక గట్టు, నీళ్లకింద ఒక గడప. పైన చెప్పిన ఆరింటిలో ఏదీ రాజుల కథ కాదు.

ముగింపు

బహుమతి వచ్చినదీ రానిదీ అనే తేడా చూసేవాడికి అక్కరకు రాదని నా అభిప్రాయం. సినిమా అయిపోయినాక మన ఇంట్లో ఇన్నాళ్లు ఎవరూ ఎత్తని మాట ఒకటి బయటికి వచ్చిందా లేదా, నేను పెట్టుకున్న కొలత అది. ఆ కొలతకు ఈ ఆరూ వేరు వేరు పాళ్లలో నిలబడ్డాయి.

మా గట్టు తగాదా తీరిందా అని మిత్రులు అడుగుతున్నారు. తీరలేదు. సినిమాతో తీరే తగాదా అయితే పెద్దమనుషుల పంచాయతీలోనే తీరేది. దసరా సెలవులయిపోయి నేను బస్సెక్కేముందు నాయినకు 'బాలెన్స్' కూడా చూపించాను. భ్రామకాల సంగతి చెప్పబోతే వద్దన్నాడు. "తెలుస్తనే ఉంది తీ" అన్నాడు. బస్సు కదలబోతుండగా కిటికీ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ, "గా పెట్టె సినిమా మీ చిన్నాయిన కొడుక్కు గూడ పంపు" అని వెళ్లిపోయాడు.

పంపాను. తమ్ముడు చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు. సంక్రాంతికి ఊరికి పోతున్నాను.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, తిరుమలగిరి